పొగ మాన్పించే మాత్ర

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



సిగరెట్టు, బీడీ మాన్పించడానికి డాక్టర్లు రాసే మాత్రల గురించి ఈ వారం మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. పదో తరగతి చదివి, గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడి సంసారం ఇరవై నాలుగేళ్ళుగా చూసుకుంటున్న గృహిణిని. మా ఇంట్లో ఆ మాత్ర పన్నెండు వారాలు నడిచింది. ఆ పన్నెండు వారాల్లో చూసింది, డాక్టరును అడిగి తెలుసుకున్నది చెబుతాను.

ముందు మా ప్రాంతం సంగతి కొంచెం చెప్పాలి. బొగ్గు బాయిలో పొగ తాగడం నేరం. లోపల మీథేన్ వాయువు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్టు వెంట తీసుకుపోకూడదని గనుల నిబంధనల్లోనే ఉంది. అంటే మన మగవాళ్ళు రోజూ ఎనిమిది గంటలు పొగ లేకుండా ఉండగలుగుతున్నారన్నమాట. మరి మిగతా పదహారు గంటలు ఉండలేరా అని మీకు అనిపించవచ్చు. కాని ఆ ఎనిమిది గంటలూ ఊరికే గడవవు. దవడన ఖైనీ ఉంటుంది. పైకొచ్చి దీపం అప్పగించి గేటు దాటారో లేదో, ఒకదాని వెనక ఒకటి రెండు సిగరెట్లు. పొగ అయినా నమిలేదైనా ఒంటికి అలవాటయ్యేది ఒక్కటే, నికోటిన్. అది అడిగే వేళకు అందకపోతే మనిషి మనిషిలా ఉండడు.

ఇక బీడీ. మా పాత కరీంనగర్ జిల్లాలో ఎందరో ఆడవాళ్ళు బీడీలు చుట్టి పిల్లలను చదివించుకున్నారు. ఆ తునికాకు మన అడవులదే. వాళ్ళ పొట్ట కొట్టాలని నాకు లేదు గాని, ఆకు బీడీ సిగరెట్టు కన్న మంచిదనే మాట మాత్రం నిజం కాదు. బీడీ తొందరగా ఆరిపోతుంది, అందుకని మాటిమాటికి గట్టిగా గుంజాలి. నికోటిన్, విషవాయువు ఆ గుంజుడుకు ఇంకా ఎక్కువే లోపలికి పోతాయి.

మావారు పదిహేనేళ్ళు భూగర్భ గనిలో చేసి, తర్వాత ఓపెన్‌కాస్టులో డంపరు ఆపరేటరుగా మారారు. దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చూపించాం. "బొగ్గు దుమ్ము మీ చేతుల్లో లేదు, ఇది మీ చేతుల్లోదే గదా" అన్నారాయన. మూడుసార్లు సొంతంగా మానబోయి మానలేకపోయారని నేనే చెప్పాను. అప్పుడు రాశారు వారెనిక్లిన్ అనే మందు.

ఇది పనిచేసే తీరు డాక్టరు చెబితే నాకు అర్థమైంది ఇలాగ. ఆర్టీసీ బస్సు ఆగగానే కిటికీలోంచి దస్తీ వేసి సీటు పడతాం చూడండి, అదే పని ఈ మాత్ర మెదడులో చేస్తుంది. నికోటిన్ వచ్చి కూర్చునే చోట ఇది ముందే కూర్చుంటుంది. కూర్చుని, నికోటిన్ ఇచ్చే తృప్తిలో కొంత తానూ ఇస్తుంది గనుక యావ తగ్గుతుంది. పైనుంచి ఎవరైనా సిగరెట్టు వెలిగించినా, సీటు ఖాళీ లేక నికోటిన్ నిలబడిపోతుంది. తాగినా రుచి ఉండదు.

దీని పుట్టుక కూడా ముచ్చటగానే ఉంది. యూరపులో లాబర్నమ్ అనే పసుపు పూల చెట్టు ఉంది. దాని గింజల్లోని సైటిసిన్ అనే పదార్థంతో బల్గేరియా వాళ్ళు 1964 నుంచే పొగ మాన్పించే మాత్ర అమ్మారు. దాని ఆధారంగానే వారెనిక్లిన్ తయారుచేశారు, 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన రేల చెట్టుకు కూడా ఇంగ్లీషులో ఇండియన్ లాబర్నమ్ అనే పేరు ఉండటంతో, రేల కాయ నానబెట్టి తాగిస్తే సిగరెట్టు మానతారా అని మా కాలనీలో ఒకామె అడిగింది. రెండూ వేరు చెట్లు తల్లీ. రేల గుజ్జుకు విరేచనాలవుతాయి, అంతే.

మాత్ర వేసే పద్ధతి చెబుతాను. మొదటి మూడు రోజులు అర మిల్లీగ్రాము రోజుకొకటి. నాలుగో రోజు నుంచి ఏడో రోజు దాకా అదే అర పొద్దున, సాయంత్రం. ఎనిమిదో రోజు నుంచి ఒక మిల్లీగ్రాము చొప్పున రెండు పూటలు, పన్నెండు వారాల దాకా. సాధారణంగా సిగరెట్టు మానవలసింది ఎనిమిదో రోజున. మొదటి వారం తాగుతూనే మాత్ర వేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక "మందు వేసుకున్నా తాగుతూనే ఉన్నాడు, డబ్బు దండగ" అని మూడో రోజే పోట్లాటకు దిగే ఇళ్ళున్నాయి.

ఇక అసలు విషయం, దుష్ఫలితాలు. అన్నిటికన్న ఎక్కువ మందికి వచ్చేది వికారం. వందలో ముప్పై మంది దాకా వస్తుందంటారు. మా పక్క క్వార్టరులో అయిదో రోజునే మాత్ర ఆగిపోయింది ఇందువల్లనే. ఆయన మొదటి షిఫ్టు మనిషి. తెల్లవారకముందే లేచి, పరగడుపున ఒక గుక్క టీతో మాత్ర మింగి, స్కూటరెక్కేవాడు. సగం దారిలో డోకులు. "నా కడుపుల పేగులు తిప్పుతున్నయి వదినా, ఇది సిగరెట్టు కన్న పాపిష్టిది" అని డబ్బా పారేశాడు. తినకుండా వేసుకుంటే అలాగే ఉంటుంది. కడుపు నిండా తిన్న తర్వాత, పెద్ద గ్లాసెడు నీళ్ళతో వేసుకోవాలి. మావారికి నేను జొన్నరొట్టె ఒకటో, ఇడ్లీలు మూడో తిన్నాకే మాత్ర చేతికిచ్చేదాన్ని. పచ్చిమిరప కారాలు, నూనె వంటలు ఆ నెల తగ్గించాను. వికారం పూర్తిగా పోలేదు గాని రెండో వారానికి సగమైంది. మలబద్ధకం, కడుపుబ్బరం కూడా కొందరికి ఉంటాయి. వాటికి నీళ్ళు, ఆకుకూరలు, పండ్లు చాలు.

రెండోది కలలు. ఇవి మామూలు కలలు కావు, రంగులతో సహా కళ్ళకు కట్టినట్టుంటాయి. మావారికి డంపరు బ్రేకు పడకుండా క్వారీలోకి జారిపోతున్నట్టు వచ్చేది. చెమటలు పట్టి లేచి కూర్చునేవారు. దిష్టి తీయించమని మా అత్తగారు. తీశాను, పెద్దావిడ మాట ఎందుకు కాదనాలి. దానితో పాటు డాక్టరునూ అడిగాను. సాయంత్రం మాత్ర పడుకునే ముందు కాకుండా, నిద్రకు కొన్ని గంటల ముందు తిండితో వేయమన్నారు. మరి మన ఇళ్ళల్లో నిద్ర రాత్రే అని ఎక్కడుంది? రాత్రి షిఫ్టు వారం పొద్దున పడుకుంటారు. ఒకే వేళ ఏ షిఫ్టుకూ సరిపడదు. కాబట్టి డాక్టరుతో ముందే షిఫ్టుల సంగతి చెప్పి, మూడు షిఫ్టులకూ మూడు వేళలు కాగితం మీద రాయించుకున్నాను. వంటింటి గోడకు అంటించాను.

దీంతో ముడిపడిందే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. ఈ మాత్రకు కొందరికి కళ్ళు తిరగడం, మగత, మనసు నిలవకపోవడం ఉంటుంది. గుమాస్తా అయితే కాసేపు బల్ల మీద తల పెట్టుకుంటాడు. డంపరు మీద, షావెల్ మీద, క్రేను మీద ఉన్నవాడి సంగతి అది కాదు. 2008లో అమెరికాలో విమానం నడిపేవారు ఈ మందు వాడకూడదని అక్కడి విమానయాన శాఖ నిషేధించింది. మందు చెడ్డదని కాదు, చేతిలో ఉన్న పని అటువంటిదని. మావారు వినలేదు, "నాకేం కాదు" అన్నారు. నేనే పట్టుబట్టి మొదటి వారం లీవు పెట్టించాను. తొమ్మిదో రోజున, మాత్ర పూర్తి మోతాదుకు వచ్చిన మర్నాడు, పెరట్లో నల్లా దగ్గర నిలబడి గోడ పట్టుకున్నారు. అడిగితే కళ్ళు తిరిగాయన్నారు. ఇంకో రోజు లీవు పొడిగించి డాక్టరు దగ్గరికి పోయాం. మందు ఆపలేదు ఆయన. ఒక మిల్లీగ్రామును అరకు తగ్గించారు, రెండు పూటలూ. తల తిరగడం పోయాకే బండెక్కమన్నారు. నాలుగు రోజులకు పోయింది. తగ్గించిన మోతాదుతోనే పన్నెండు వారాలూ నడిచింది. ఇది మన ఇష్టం వచ్చినట్టు చేసుకునే మార్పు కాదు సుమా, రాసినవారే చెప్పాలి.

మాత్ర నడిచేటప్పుడు మద్యం పుచ్చుకుంటే మత్తు మామూలు కన్న ఎక్కువ ఎక్కవచ్చునని, కొందరు ఏం చేశారో మరునాడు గుర్తులేని స్థితికి పోయారని 2015లో అమెరికా మందుల శాఖ హెచ్చరించింది. జీతాల రోజున ఇది గుర్తుపెట్టుకోవలసిన మాట. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరుకు ముందే చెప్పాలి.

ఈ మందు మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుందని, చావాలనిపిస్తుందని మీరు వినే ఉంటారు. ఆ మాట గాలిలోంచి రాలేదు. 2009లో అమెరికాలో డబ్బా మీద పెద్ద అక్షరాల హెచ్చరిక వేయించారు. తర్వాత ఎనిమిది వేల మంది పైగా మనుషుల మీద పెద్ద పరీక్ష జరిపి 2016లో ఫలితం ప్రకటించారు. మందు లేని ఉత్త మాత్ర మింగిన వారి కన్న వీరిలో అటువంటి బాధలు చెప్పుకోదగినంత ఎక్కువేమీ కనిపించలేదు. ఆ ఏడాది డిసెంబరులో ఆ పెద్ద హెచ్చరిక తీసేశారు. ఆ పరీక్షలోనే, ఆరు నెలల దాకా పొగకు దూరంగా నిలిచినవారు ఉత్త మాత్రతో వందకు తొమ్మిది మంది, ఈ మాత్రతో ఇరవై ఇద్దరు. చూశారా, మంచి మందుతో కూడా ఎక్కువమంది మళ్ళీ వెలిగించారు. మీ వారు ఒకసారి ఓడిపోతే నామర్దా ఏమీ లేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో దీన్ని చేర్చింది. అదే ఏడు దీన్ని మొదట తెచ్చిన ఫైజరు కంపెనీ, నైట్రోసమైన్ అనే కల్తీ పదార్థం పరిమితి మించి కనిపించిందని తన మాత్రలను వెనక్కి తీసుకుంది. ఇతర కంపెనీల మాత్రలు తర్వాత వచ్చాయి.

అయినా చిరాకు, దిగులు కనిపిస్తే అది మాత్ర వల్లనా, పొగ మానడం వల్లనా? ఇంట్లో ఉండే మనకు తేడా కొంత తెలుస్తుంది. పొగ మానిన బాధ మొదటి వారం తారస్థాయిలో ఉండి, మూడు నాలుగు వారాల్లో సన్నగిల్లుతుంది. అన్నం పళ్ళెం విసిరేయడం, పిల్లల మీద అరవడం, మరుక్షణం తిండికి అడగడం, ఇవన్నీ అందులోవి. నేను వంటింట్లో క్యాలెండరు మీద రోజూ ఒక ముక్క రాసేదాన్ని: "కోపం", "నిద్ర లేదు", "బాగున్నారు". కాని మనిషి మాట తగ్గించి ముడుచుకుపోతే, ఎన్నడూ అనని మాటలు అంటే, బతికి ఏం లాభం అనే ధోరణి వినిపిస్తే, వారాలు లెక్కపెడుతూ కూర్చోకండి. మాత్ర ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి.

బుప్రోపియాన్ అనే ఇంకో మాత్ర ఉంది. అసలు దిగులుకు వాడే మందు. దీనికి నోరు ఎండుతుంది, నిద్ర పట్టదు. మూర్ఛ వచ్చేవారికి ఇవ్వకూడదు. నికోటిన్ చూయింగ్ గమ్ముకు ఇన్ని చిక్కులు లేవు గాని, మనవాళ్ళు దాన్ని పాన్ నమిలినట్టు నములుతారు. నాలుగుసార్లు నమిలి ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు తగ్గితే మళ్ళీ నమలాలి. ఊరికే నమిలి మింగితే ఎక్కిళ్ళు, కడుపులో మంట.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. సిగరెట్టు పొగ కొన్ని మందులను ఒంట్లో త్వరగా ఖర్చు చేయిస్తుంది. పొగ ఆగితే అదే మోతాదు ఎక్కువైపోతుంది. ఆయాసానికి వాడే థియోఫిలిన్ అలాంటిదే. షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవారికీ మోతాదు మార్చవలసి రావచ్చు. అంతెందుకు, టీ కూడా అంతే. రోజుకు ఆరు టీలు తాగే మనిషి పొగ మానాక ఆ ఆరు టీలే తాగితే గుండె దడ, నిద్ర పట్టకపోవడం. ఆ తప్పు కూడా పాపం మాత్ర మీదికే పోతుంది. నేను మూడుకు తగ్గించాను. మధ్యలో పల్లీలు, శనగ గుగ్గిళ్ళు, మజ్జిగ. నాలుగు కిలోలు బరువు పెరిగారు, పెరగనివ్వండి.

మావారు సిగరెట్టు వదిలి మూడో ఏడు నడుస్తోంది. ఖైనీ వదలడానికి మాత్రం ఇంకో ఆరు నెలలు పట్టింది. పక్క క్వార్టరు ఆయన మాత్ర డబ్బా పారేసినవాడే గదా, ఆయన భార్య సిగరెట్టు పెట్టె మీద అచ్చువేసిన నెంబరుకు ఫోను చేసింది. కేంద్ర ప్రభుత్వం వారిది, ఖర్చులేదు. దక్షిణాది భాషల వారికోసం 2018 నుంచి బెంగుళూరు నిమ్హాన్స్‌లో కూడా కేంద్రం ఉంది. తాగేవారే చేయాలని లేదు, ఇంట్లో ఆడవాళ్ళు చేసి కూడా సలహా అడగవచ్చు. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి, చెబుతాను: 1800-11-2356. ఇంకోసారి, 1800-11-2356.