దుఃఖమునకు వారసులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ రజతోత్సవ సమయమున సాహిత్య విషయమేదేని మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, సాయంకాలములందు ఈ గ్రంథాలయములోని భారత భాగవతములను నాకు తోచినట్లు చదివికొన్నవాడను. కావున లెక్కలకును పురాణములకును చెందిన యొక మాటను గూర్చి విన్నవించెదను. ఆ మాట 'వారసత్వము'.

మా లెక్కలలో వారసత్వమనగా ఆస్తియు, అప్పును. తండ్రి గతించిన పొలము కొడుకు పేరిటికి మారును. ఆ పొలము వెంటనే తండ్రి చేసిన అప్పును వచ్చును. మన పుత్తూరు ప్రాంతమున విరిగిన ఎముకలకు కట్టు కట్టు విద్య తరతరములుగా కుటుంబమున నిలిచి యున్నది. అదియు నొక వారసత్వమే. కాని ఆస్తి, అప్పు, విద్య గాక మరియొకటి కూడ సంక్రమించునని పురాణము చెప్పుచున్నది. అది దుఃఖము.

సగరుని కుమారులు అరువదివేలమంది కపిలమహర్షి కోపాగ్నిలో బూడిదయైరి. ఆ దుఃఖము మనుమడగు అంశుమంతునకు వచ్చెను. అతడు గంగకై తపము చేసి, కార్యము నెరవేరకయే గతించెను. అతని కుమారుడు దిలీపుడును అట్లే గతించెను. దిలీపుని కుమారుడు భగీరథుడు గంగను తెచ్చెను. అతడు తెచ్చినది తన పితరుల బూడిదను తడుపుటకే. కాని ఆ త్రోవలో ఎందరి దాహము తీరెనో, ఎన్ని పొలములు పండెనో! ఒక యింటి కన్నీరు లోకమునకు మంచినీరైనది. ఇట్టి కథ మన పొరుగుననే, మన పెద్దల కాలముననే జరిగినది.

మన చిత్తూరు సీమ 1953 వరకు మదరాసు రాష్ట్రములోనిది. నేటికిని పెద్దజబ్బు చేసినచో మనవారు రాయవేలూరికో చెన్నపట్టణమునకో బండి యెక్కుట వాడుక. ఆ చెన్నపట్టణమున డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారుండిరి. ఆమె 1912లో వైద్యపట్టము నందిన విదుషి. మదరాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలు. ఆమె చెల్లెలు క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను. తాను వైద్యురాలయ్యు తోడబుట్టినదానిని దక్కించుకొనలేకపోయెను. కాని ఆ దుఃఖమును ఆమె ఇంటిలోపల దాచుకొనలేదు. స్త్రీల సంఘము వారితో కలిసి క్యాన్సరు సహాయనిధిని నెలకొల్పెను. 1952లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1954లో అడయారున పండ్రెండు పడకలతో క్యాన్సరు ఆసుపత్రి వెలసెను. ఈ రోగమనగా మరణమే, దీనికి వేరుగా ఆసుపత్రి యెందుకని పలువురు తలచుచుండిన కాలమది.

ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి శస్త్రవైద్యుడు. పినతల్లిని హరించిన రోగముతో పోరాడుటయే ఆయనకు తల్లివలన సంక్రమించిన ఆస్తి. ఆయన జీవితమంతయు ఆ ఆసుపత్రికే చెల్లెను. 1955లో డాక్టరు శాంత అనునామె అచ్చట చేరెను. ఆమెకు ఆ కుటుంబముతో రక్తసంబంధము లేదు. అయినను ఆ ఆవరణముననే నివసించి, 2021లో కన్నుమూయువరకు ఆ రోగులకే తన యాయువును ధారపోసెను. 2005లో రామన్ మెగసెసే పురస్కారము ఆమెను వరించెను. పొలమునకు వారసుడు కావలెనన్న రక్తసంబంధము కావలెను. దుఃఖమునకు వారసుడు కావలెనన్న మనసు చాలును.

ఇక మన తిరుపతి మాట. 1931లో సర్ దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి రక్తపు క్యాన్సరుతో మరణించెను. మరుసటి యేడే భర్తయు గతించెను. ఆయన ధర్మనిధివలన 1941లో బొంబాయియందు టాటా స్మారక ఆసుపత్రి ఏర్పడెను. ఆ ధర్మసంస్థల పరంపరయే ఎనుబదియేండ్లు గడచిన పిమ్మట మన కొండ పాదమునకు చేరెను. తిరుమల తిరుపతి దేవస్థానము భూమి నీయగా, టాటా ట్రస్టుల పూనికతో కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తిరుపతియందు ప్రారంభమాయెను. బొంబాయిలో ఎవరి యింటనో నిండిన కన్నీరు స్వర్ణముఖి తీరమునకు నీరై వచ్చినది.

తెలుగువారిలోను ఇట్టి యుదాహరణము కలదు. 1983లో తిరుపతి స్థానమునుండి శాసనసభకు ఎన్నికైన నందమూరి తారకరామారావుగారి భార్య బసవతారకమ్మగారు క్యాన్సరుతోనే కన్నుమూసిరి. ఆమె పేరిట ఆయన సంకల్పించిన ఆసుపత్రికి అమెరికాలోని తెలుగు వైద్యులు చేయూత నిచ్చిరి. ఆయన 1996లో గతించినను, 2000లో హైదరాబాదున అది తలుపులు తెరచెను. తరువాత దాని బాధ్యతను కుమారుడు బాలకృష్ణ తలకెత్తుకొనెను.

సోదరులారా, ఇవి ధనవంతుల కథలు, మనవంటివారి వలన నేమగునని మీరనవచ్చును. మా మేనత్త మాట వినుడు. ఆమె తన రొమ్ములోని గడ్డను రెండేండ్లు ఎవరికిని చెప్పలేదు. కోడళ్లకు చెప్పుటకు సిగ్గు. కొడుకునకు చెప్పినచో ఉన్న మూడెకరములు అమ్మునేమోయని భయము. చెప్పునప్పటికి కాలము మించెను. ఆమె పోయిన పిమ్మట ఆమె కుమారుడు, మా బావగారు, ఒక పని పట్టుకొనెను. చుట్టుపట్ల నే యింట ఇట్టి జబ్బని తెలిసినను, రోగి వెంట తాను బయలుదేరును. తెల్లవారుజామున బస్సు ఎక్కించును. చీటి కొఱకు వరుసలో నిలుచును. డాక్టరు చెప్పినది వ్రాసికొని ఇంటివారికి తెలియజెప్పును. మరల రావలసిన తేదీని గుర్తుంచుకొని ఆ దినమున వాకిట నిలుచును. ఇపుడు మోకాళ్లు సహకరింపక ఆయన కూర్చుండగా, కుమార్తె ఆ సంచి అందుకొన్నది. మగవానితో చెప్పని మాటను ఆడువారు ఆమెతో చెప్పుచున్నారు. దీనికి జీతము లేదు, పదవి లేదు. మా మేనత్తకు దొరకని తోడు నేడు పదిమందికి దొరకుచున్నది.

ఈ రోగము తొలిదశలో తెలిసినచో చాలమందికి కుదురుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. మూడు వారములైనను మానని నోటిపుండు, రొమ్మున గడ్డ, ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావము, కారణము తెలియక బరువు తగ్గుట, వీనిలో నేది కనబడినను దాచరాదు. పొగాకు నమలుట, చుట్ట, బీడీ నోటిని, గొంతును, ఊపిరితిత్తులను చెరచును. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు చాలవరకు ఒక వైరసు వలన వచ్చునది. దానిని అడ్డుటకు బాలికలకు వేయు టీకా కలదు. ఇది అంటురోగము కాదు. రోగి కంచమును వేరుచేయవలసిన పని లేదు. పూర్వజన్మ పాపమని రోగిని ఏడిపించుట మాత్రము ఈ జన్మలోని పాపమే.

కనుక ఈ రజతోత్సవమున నా మనవి మూడు ముక్కలు. ఒకటి, ఈ వ్యాధులను గూర్చి తెలుగులో వ్రాసిన మంచి పుస్తకములను ఒక అరలో నుంచి, నెలకొక సాయంకాలము చదివి వినిపింపవలెను. చదువురాని తల్లులను ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. రెండు, రోగి వెంట పోగల స్త్రీపురుషుల పేర్లు ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. ప్రభుత్వ ఆరోగ్యపథకమునకు కావలసిన కాగితములేవో తెలిసినవారు వారిలో ఒకరైనను ఉండవలెను. మూడు, దారిఖర్చునకై చిన్న నిధి యొకటి కావలెను. మందుల ఖర్చు పెద్దదే. కాని బస్సుచార్జీయు, ఒక పూట కూలియు లేక ఆగిపోయిన వైద్యము ఎంతో కలదు.

ఆ నిధి లెక్క వ్రాయుట నా వంతు. జమ, ఖర్చు, నిలువ ప్రతినెలయు ఈ గోడమీద అంటింతును. రోగి పేరు మాత్రము వ్రాయను. ఆ గుట్టు ఆ యింటిది. మన యిండ్లలో ఈ రోగమునకు ఎవరినో ఒకరిని పోగొట్టుకొననివారు కొద్దిమందియే. కావున వారసత్వము కొఱకు ఎక్కడికిని వెదకబోనక్కరలేదు. అది ఇదివరకే మన పేరిట నమోదై యున్నది. తోడు పోవువారి పుస్తకమున తొలి పేరు మా బావగారి కుమార్తెది. రెండవ పేరు ఎవరిదో ఈ సభ ముగియులోపల తెలిసినచో, ఇరువదియైదేండ్ల ఈ గ్రంథాలయము పుస్తకములు చదివించుటయేగాక, చదివినదానిని చేయించినదియు నగును.