అపార్టుమెంటు నిర్వాహకుని దినచర్య
(లక్డీకాపూలున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఉదయమునుండి ఈ వేదికమీఁద విద్యానిధినిగూర్చియు, వసతిగృహమునుగూర్చియు పెద్దలు ప్రసంగించిరి. నా కొసంగఁబడిన విషయము వానిముందు చిన్నదిగాఁ గన్పట్టును. అపార్టుమెంటు నిర్వాహకుఁడు, అనఁగా వాడుకలో మేనేజరని మనము పిలుచునతఁడు, తన కాలము నెట్లు వినియోగించుకొనవలెను, పదిమంది నెట్లు నడుపవలెను అనునదియే ఆ విషయము. ఈ సభలో ఫ్లాట్లు గలవారు పలువురున్నారు. అసోసియేషను కార్యదర్శులును, కోశాధికారులును కొందఱున్నారు. జీతమునకు మేనేజరు పని చేయుచున్న మన యువకులు వెనుకవరుసలలోఁ గూర్చుండియున్నారు. నేను ముఖ్యముగా వారితోడనే మాటలాడెదను. ముందువరుసలవారు కూడ వినినచో సంతోషము.

విషయము చిన్నది కాదనుటకు దూరము పోనక్కఱలేదు. ఇచ్చటినుండి నడచి పోఁదగినంత దూరముననే నాంపల్లి బజారుఘాటు కలదు. 2023 నవంబరు 13వ తేది, దీపావళి మఱునాఁటి యుదయమున, అచ్చటి యొక నివాసభవనము క్రిందిభాగమున నిలువయుంచిన రసాయనపు పీపాలకు నిప్పంటుకొన్నది. పొగ మెట్లదారిన పైయంతస్తులకు ప్రాకినది. పలువురి ప్రాణములు పోయినవి. వారిలో పిల్లలును గలరు. పీపా లొక్కరాత్రిలో వచ్చి చేరునవి కావు. ఒక్కొక్కటిగా వచ్చును. మొదటి పీపా వచ్చిననాఁడు "ఇది యిచ్చట నేల?" అని యడుగువాఁడు ప్రతిభవనమునందు నొకఁ డుండవలయును. అడుగుట కధికారమును, అడిగిన పిమ్మట తీసివేయించుటకు ధైర్యమును అతనికి గలుగవలెను. ఆ యొక్కఁడే నా యుపన్యాసమునకు నాయకుఁడు.

సంస్కృతము చదువుకొన్నవాఁడనగుటచే ప్రతిదానికిని పాతగ్రంథము తెచ్చునని నన్ను మీరు పరిహసింతురు. కానిండు. కౌటిల్యుని అర్థశాస్త్రము తాటాకులలో మఱుగుపడియుండి, మైసూరున శ్యామశాస్త్రిగారి చలువవలన 1909లో అచ్చయినది. అందు నగరాధికారినిగూర్చిన ప్రకరణ మొకటి కలదు. అది నేఁటి మేనేజరు చదువవలసినది. నీటితావులను, దారులను, ప్రాకారములను ప్రతిదినమును చూచి రావలసినదని ఆ యధికారికి విధి. "ప్రతిదినమును" అను మాటను గమనింపుఁడు. ఇంటింటను నీళ్లకుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి మొదలగునవి అగ్నిభయమునకై సిద్ధముగా నుంచుకొనవలయును. నిప్పంటుకొన్నప్పుడు ఆర్పుటకుఁ బరుగెత్తిరాని యింటి యజమానికి పండ్రెండు పణములు దండుగ. అద్దెకున్నవాని కాఱు పణములు. స్వంతదారునకు రెట్టింపేల? ఇల్లు తనది గనుక. మన భవనములలో నేఁడు తలక్రిందుగా జరుగుచున్నది. స్వంతదారుఁడు వేఱొకచోట నుండును, అద్దెకున్నవాఁడు "నాదేమి పోయినది?" అనును, నిచ్చెనకు బదులు గోడకు వ్రేలుచున్న ఎఱ్ఱని సిలిండరులో పొడి గడ్డకట్టి యేండ్లు గడచియుండును. దానిమీఁది చీటిలో మఱల నింపించిన తేది యుండునుగదా, మీరు ఇంటికిఁ బోయినతోడనే దానినొకమాఱు చదువుఁడు.

కావున మేనేజరు దినచర్యలో మొదటిది ప్రొద్దుటి ప్రదక్షిణము. ఫోను చూచుటకుముందే యిది జరుగవలెను. పైకప్పుమీఁద మొదలుపెట్టి మెట్లదారిన దిగుచు రావలెను గాని, క్రింద మొదలుపెట్టి లిఫ్టులో పైకెక్కరాదు. మెట్ల దిగినవానికే మెట్లమీఁద పెట్టిన చెప్పులబీరువా, విఱిగిన సైకిలు, పాత పరుపు, కాలిపోయిన దీపము కనఁబడును. 2025 మే నెలలో గుల్జారుహౌజువద్ద పాతయింట నిప్పంటుకొని పదునేడుగురు మరణించినప్పుడు, లోనికిఁ బోవుటకును వెలుపలికి వచ్చుటకును గల యిఱుకుదారినిగూర్చి అందఱును మాటలాడిరి. ఆ మాటలు నెలదినములలో నణఁగిపోయినవి. మన మెట్లమీఁది బీరువాలు మాత్రము కదలలేదు. బీరువా తీయుఁడని చెప్పుట మేనేజరునకు కష్టమైన పని. ఆ యింటాయన కమిటీ సభ్యుఁడైనచో మఱింత కష్టము. నా యభిప్రాయమేమనఁగా, నాయకత్వమను పెద్దమాట కర్థము వ్యక్తిత్వవికాసపు పుస్తకములలోఁ గాక ఈ బీరువాదగ్గఱనే తేలును. కసరుట వలదు, వ్రేలు చూపుట వలదు. అందఱికిని వర్తించునట్లుగా కమిటీచేత నొక తీర్మానము వ్రాయించి, గడువు తేదితో గోడపలకపై నంటించి, ఆ తేదినాఁడు మొట్టమొదట కార్యదర్శిగారి సామానునే తీయింపవలెను. అటుపిమ్మట నెవరును మాఱాడరు.

లిఫ్టును గూర్చి రెండుమాటలు. 2025 ఫిబ్రవరిలో, ఇచ్చటికి సమీపమున మాసబుట్యాంకు శాంతినగరులోని యొక అపార్టుమెంటునందు, ఆఱేండ్ల బాలుఁడు లిఫ్టునకును గోడకును నడుమఁ జిక్కుకొనెను. అగ్నిమాపకదళమువారు కష్టపడి వెలికిఁ దీసిరి గాని, ఆ బిడ్డ మఱునాఁడు ఆసుపత్రిలో మరణించెను. తలుపు సరిగాఁ బడనిదే లిఫ్టు కదలుచున్నదా? పాతకాలపు మడతతలుపైనచో బయటితలుపునకును లోనితలుపునకును నడుమ పిల్లవాఁడు పట్టునంత సందున్నదా? ఈ రెండును మేనేజరు వారమున కొకమాఱైన తన చేతితోఁ దీసి, వేసి చూడవలయును. మరమ్మతు కంపెనీవాని సంతకము చాలదు. దోషము కన్పట్టినచో అప్పుడే తాళము వేయవలెను. ఐదవ యంతస్తు పెద్దమనిషికి కోపము వచ్చును, రానిండు.

ఇఁక సంపుసంగతి. దీనిని గూర్చి నేను కొంచెము కఠినముగా మాటలాడెదను. సెప్టిక్ట్యాంకు గాని మురుగుగుంట గాని నిండినప్పుడు మేనేజరు చేయు మొదటి పని యేమి? అడ్డామీఁద నిలుచున్న కూలివానిని ఐదువందలకో వేయికో పిలిచి లోనికి దింపుట. గుంటలోని విషవాయువునకు కంటికగపడు రూపము లేదు. మొదటివాఁడు కూలును, వానిని తీయఁబోయిన రెండవవాఁడును కూలును. ఇట్లు రక్షణసాధనములు లేక మనిషిని దింపుట 2013 నాఁటి చట్టముచే నేరము. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబమునకు పదిలక్ష లీయవలెనని సుప్రీముకోర్టు 2014లో ఆదేశించెను; 2023 అక్టోబరులో దానిని ముప్పదిలక్షలకుఁ బెంచెను. కాని నే నిచ్చట చెప్పఁదలఁచినది రూపాయల లెక్క కాదు. దిగినవాఁడు ఏ కులమువాఁడై యుండునో ఈ సభలో నెవరికిఁ దెలియదు? కులసంఘముగాఁ గూడి మన పిల్లల యభ్యున్నతినిగూర్చి మాటలాడుకొను మనము, మఱియొకరి బిడ్డను మన మలములోనికి దింపి, మధ్యాహ్నమున వచ్చి యిచ్చటఁ గూర్చుండుట తగదు. యంత్రముగల వాహనమునే పిలువుఁడు. ఖర్చు నిర్వహణరుసుములో ముందే చేర్చుఁడు. మంచినీటి సంపు కడుగునప్పుడు కూడ మోటారు విద్యుత్తు మూలమునుండి ఆపివేయక, మూఁతలు చాలసేపు తీసియుంచక, ఎవ్వరిని దింపకుఁడు.

నీటివిషయమున మన నగరమునకు పాతయనుభవమున్నది. 1908లో మూసీ ముంచివేసిన పిమ్మట ఉస్మానుసాగరు 1920లోను, హిమాయతుసాగరు 1927లోను పూర్తియైనవి. పిదప మంజీర, కృష్ణ, గోదావరి నీరు వచ్చినవి. నదులు వచ్చినను వేసవిలో మన గుమ్మమునకు టాంకరు వచ్చుట మానలేదు. 2021 జనవరినుండి గృహమునకు నెలకు ఇరువదివేల లీటర్లు ఉచితమను పథకము ప్రారంభింపఁబడినది. పనిచేయు మీటరుండవలెనన్నది అందలి నియమము. ఇరువది ఫ్లాట్లున్న భవనమునకు నాలుగులక్షల లీటర్లన్నమాట. దినమునకు పదమూఁడువేలపైమాట. ఇంత నీరు వచ్చునా, వచ్చినది యెచ్చటికిఁ బోవుచున్నది అని చూచుకొనుటకు మేనేజరు ప్రొద్దుట నొకమాఱు, రాత్రి నొకమాఱు మీటరంకె వ్రాసికొనిన చాలును. రాత్రి పదకొండునుండి తెల్లవాఱుజాము నాలుగు వఱకు నీరు వాడువారు తక్కువ. అప్పుడును అంకె తిరిగినచో నెచ్చటనో కాఱుచున్నది. సెకనుకొక బొట్టు కాఱు కొళాయి సామాన్యమని తోఁచును. బొట్లిరువది మిల్లీలీటరునకు లెక్కగొనినను దినమునకు నాలుగు లీటర్లకుఁ బైనయి, సంవత్సరమునకు పదునైదువందల లీటర్లు దాఁటును. లెక్కలు చెప్పినవాఁడను గాను. అయినను బడిలో నన్నిటిని చెప్పవలసివచ్చెడిది.

చట్టముల సంగతి త్వరగా ముగించెదను. 1987 నాఁటి అపార్టుమెంట్ల చట్టము, అసోసియేషను ఏ చట్టముక్రింద నమోదైనదో ఆ చట్టము, 2016 నాఁటి స్థిరాస్తి చట్టము అను నీ మూఁడును మేనేజరు బల్లమీఁద నుండవలెను. ఈ కడపటిదాని ప్రకారము, భవనము స్వాధీనము చేసిన తేదినుండి అయిదేండ్లలోపల కట్టడపు లోపము బయల్పడి తెలుపఁబడినచో కట్టినవాఁడే ముప్పదిదినములలో ఉచితముగా సరిచేయవలెను. గోడ బీటవాఱినప్పుడు చందా వేయుటకుముందు ఆ తేది చూచుకొనుఁడు. జమాఖర్చులకు రహస్య మొక్కటే: నెల ముగిసిన ఐదవదినమున, రసీదులతోసహా, గోడపలకమీఁద నంటించుట. అడిగిన పిమ్మట చూపిన లెక్కకును, అడుగకమునుపే చూపిన లెక్కకును గల భేదము గొప్పది.

కాలమునకు నేఁటి ప్రథమశత్రువు వాట్సాపు. మేము నివసించు భవనపు మేనేజరు ఒక యువకుఁడు. ఇంతకుఁబూర్వము అతఁడు రాత్రి పదునొకండింటికి కుక్క మొఱిగినదను సందేశమునకుఁ గూడ ప్రత్యుత్తర మిచ్చుచుండెను; పగలు మోటారు చూచుటకు తీరిక యుండెడిది కాదు. తరువాత నతఁడు ఫిర్యాదులకొక పుస్తకము పెట్టి, క్రమసంఖ్య వేసి, ఉదయము పదింటికిని సాయంకాలము ఆఱింటికిని మాత్రమే సందేశములు చూచెదననియు, నిప్పు, లిఫ్టు, విద్యుత్తు, దొంగ అను నాలుగింటికి మాత్రమే యెప్పుడైనను ఫోను చేయవచ్చుననియు ప్రకటించెను. మొదట గొణిఁగిరి. పుస్తకములో సంఖ్యకెదుట పని పూర్తియైన తేది కన్పట్టుటతో సద్దుమణఁగిరి. వారమున కొకదినము సెలవు తీసికొని, ఆనాఁడు ఎలక్ట్రీషియనుకు తాళపుచెవులు అప్పగించుట కూడ నతఁడే యేర్పఱచుకొనెను. తాను లేనప్పుడు జరుగని పనిని బాగుగా నిర్వహింపఁబడిన పని యని నేను భావింపను.

వాచ్‌మనును గూర్చి చెప్పక తీరదు. పాలమూరునుండియో, ఉత్తరాంధ్రనుండియో వచ్చిన దంపతులు సెల్లారుమూల నొక గదిలో పిల్లలతో నుందురు. మోటారు వేయువాఁడు, కార్లు కడుగువాఁడు, పాలు తెచ్చువాఁడు ఆ యొక్కఁడే. మేనేజరునకు కుడిచేయి యతఁడే యగుటచే, అతని పనిగంటలు కాగితముమీఁద వ్రాసి అందఱి సంతకములును తీసికొనవలెను. లేనిచో ఇరువదియిండ్లకు ఇరువదిమంది యజమాను లేర్పడుదురు. ఆ గదికి గాలి, కిటికీ, రెండవదారి ఉన్నవా? సెల్లారున నిప్పంటుకొన్నచో పొగ మొదట ముట్టడించునది ఆ గదినే. అతని పిల్లలు బడికిఁ బోవుచున్నారా? 2009 నాఁటి విద్యాహక్కు చట్టము వారికిని వర్తించును.

అద్దెకు వచ్చువారిని "మీరెవరు?" అని యడుగుటలో కులము విచారించు నలవాటు కొన్ని భవనములం దున్నది, మన వారి భవనములందును కలదు. ఈ పని మేనేజరుచేత చేయింపకుఁడు. అతని కవసరమైనవి పేరు, ఫోను, కుటుంబసంఖ్య, వృద్ధులు, రోగులు ఎవరైన నున్నారా అను వివరము. నిప్పంటుకొన్ననాఁడు మంచముమీఁదినుండి లేవలేనివారు ఏ యంతస్తులో నున్నారో తెలియవలెనుగదా. అర్థశాస్త్రమున సయితము గోపుఁడనువాఁడు కుటుంబములను లెక్కించుట కలదు.

నివాసగృహ నిర్వహణ మెంతటి ఫల మీయఁగలదో ఆబిడ్సువారి కెఱుకయే. 1918లో స్థాపింపఁబడిన రెడ్డి హాస్టలునకు కొత్వాలు వేంకటరామారెడ్డిగారు అండగా నిలిచిరి. అచ్చట కార్యదర్శిగాఁ బనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారు పిల్లల భోజనవసతులతోపాటు గ్రంథాలయమును గూడ పెంపొందించిరి. గోలకొండ పత్రికను 1926లో ప్రారంభించిరి. మన సెల్లారులో రెండుకార్ల తావున పుస్తకముల బీరువా యొకటి పట్టదా యని నేను పలుమాఱులు ఆలోచించితిని, కార్లవా రొప్పుకొనలేదు.

చివరగా ఈ సభవారి యెదుట నొక కోరిక. నగరమున మేనేజరులుగా నున్న మన యువకుల పేరులు వెనుకబల్లవద్ద వ్రాసికొనుచున్నారు. ఈ భవనమున ఆదివారములు పెద్దగది ఖాళీగా నుండును. నెలకొక ఆదివారము అగ్నిమాపకశాఖవారినొకరిని, లిఫ్టు మెకానికు నొకరిని, లెక్కలు తెలిసినవారినొకరిని పిలిచి వారికి నేర్పించుటకు కార్యవర్గము అనుమతి యీయవలెను. టీఖర్చు పోషకులు భరింతురని నమ్మెదను. అడ్డామీఁద దొరకు యంత్రవాహనముల ఫోనుసంఖ్యలు, టాంకరు ధరలు నేను వ్రాసి తెచ్చితిని. సభ ముగిసిన పిమ్మట బల్లవద్దనే యుందును.