ముట్టు తప్పితే సంచి తీసెయ్యాలా?

(మండల కేంద్రంలో జరిగిన వాడల ఆడవాళ్ల సమావేశంలో సంఘం తరఫున మేము మాట్లాడిన మాటల పాఠం)



కూలిరేట్ల గురించి, శ్మశానం స్థలం గురించి మాట్లాడే సంఘం ఇవాళ ముట్టు గురించి మాట్లాడ్డమేంటని కొందరు అన్నలు ముసిముసిగా నవ్వుతున్నారు. నవ్వితే నవ్వండి గానీ లేచి వెళ్లొద్దు. మీ ఇళ్లల్లో భార్యలున్నారు, బిడ్డలున్నారు. 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లును అంబేద్కర్ బలపరిచారు. 1942లో నాగపూర్ మహిళా సభలో, ఒక సమాజం ఎంత ముందుకు పోయిందో దాని ఆడవాళ్లను చూసే కొలుస్తానన్నారు. ఆడదాని ఒంటి సంగతి ఉద్యమం సంగతి కాదనేవాళ్లు ఆయన్ను సగమే చదివినట్టు.

ఇది మాకెట్లా ఎదురైందో చెప్తాం. మిరపకాయ కోతలప్పుడు మాతో పనిచేసే ఒక అక్క రోజూ చున్నీ గడ్డం మీదికి లాక్కుని కట్టుకునేది. ఎండకేమో అనుకున్నాం. గడ్డం మీద వెంట్రుకలు కనపడకుండా కట్టుకుంటోందని తర్వాత తెలిసింది. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఒక్క ఆడపిల్ల. తర్వాత కాన్పు లేదు. ముట్టు మూణ్ణెల్లకో నాలుగు నెల్లకో వచ్చేది. వస్తే ఇరవై రోజులు ఆగేది కాదు. అత్త సాధింపులు, మొగుడికి రెండో పెళ్లి మాటలు. ఊళ్లో ఆర్.ఎం.పి. టౌనులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పంపాడు. స్కానింగ్ తీసి, "సంచి నిండా నీటిబుడగలున్నయ్, ఉంచితే క్యాన్సరైద్ది, తీసేద్దాం" అన్నారు. ఆపరేషన్‌కి ఆసామి దగ్గర అప్పు కూడా మాట్లాడుకున్నారు. ఆ రాత్రి ఆమె మా దగ్గరికొచ్చి, "సంచి తీస్తే గడ్డం మీద వెంట్రుకలు కూడా పోతయ్యా?" అనడిగింది. మాకు జవాబు తెలియలేదు. తెలుసుకుందామని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ డాక్టరమ్మ చెప్పింది, తర్వాత మేము చదువుకున్నది కలిపి మీ ముందు పెడుతున్నాం.

గర్భసంచికి అటొకటి ఇటొకటి రెండు అండాశయాలుంటాయి. నెలనెలా వాటిలో గుడ్డుండే చిన్న తిత్తులు కొన్ని పెరగడం మొదలవుతుంది. వాటిలో ఒకటి ముదిరి, పగిలి, గుడ్డు బయటికొస్తుంది. కడుపు నిలవకపోతే ఇంచుమించు రెండు వారాలకు ముట్టొస్తుంది. ఈ సమస్యలో ఆ తిత్తులు సగం పెరిగి ఆగిపోతాయి. గుడ్డు రాదు, ముట్టు తప్పుతుంది. స్కానింగ్‌లో బుడగల్లాగా కనపడేవి ఆ ఆగిపోయిన తిత్తులే. అవి గడ్డలు కావు, క్యాన్సర్ కాదు. ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: అవి ఉండేది అండాశయాల్లో, గర్భసంచిలో కాదు. డాక్టర్లు దీన్ని పి.సి.ఓ.ఎస్. అంటారు, జనం పి.సి.ఓ.డి. అంటున్నారు. 1935లోనే చికాగోలో స్టెయిన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు దీని గురించి రాశారు. అంటే ఇది నిన్నామొన్నటి సెల్‌ఫోన్ల వల్ల పుట్టుకొచ్చింది కాదు.

ఎందుకొస్తుంది? ఒకే కారణం అని చెప్పలేం. తల్లికో అక్కకో ఉంటే మనకూ వచ్చే వీలెక్కువ. చాలామందిలో ఇన్సులిన్ సంగతుంది. తిన్న అన్నంలోని చక్కెరను ఒంటికి అందించేది ఇన్సులిన్. ఒళ్లు దాని మాట సరిగ్గా వినకపోతే ఇంకా ఎక్కువ ఊరుతుంది. కాలవ చివరి పొలానికి నీళ్లందడం లేదని పైన తూము ఇంకా ఎత్తితే ఏమవుతుంది? నడుమ పొలాలు మునుగుతాయి. ఇక్కడ మునిగేది అండాశయం. ఆడవాళ్ల ఒంట్లోనూ కొద్దిగా ఉండే మగ హార్మోన్లను అది ఎక్కువగా తయారుచేస్తుంది. గడ్డం మీద, పెదవి పైన వెంట్రుకలు, తగ్గని మొటిమలు, నడినెత్తిన జుట్టు పలచబడటం దానివల్లే. మెడ వెనక నల్లగా మందంగా అయితే ఎంత రుద్దినా పోదు. అది మురికి కాదు, ఇన్సులిన్ పెరిగిందని ఒళ్లు చెప్పే గుర్తు.

"ఇది కూర్చుని తినే డబ్బున్నోళ్ల జబ్బు కదా, ఎండలో వంగి పనిచేసే మనకెందుకొస్తుంది?" అని ఒక అక్క అడిగింది. మేమూ మొదట అట్లాగే అనుకున్నాం. పిల్లలు కనే వయసులో ఉన్న ప్రతి నూరు మందిలో 10 నుంచి 13 మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లలో 70 శాతం దాకా తమకుందని తెలియనివాళ్లేనంటోంది. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. డబ్బున్నోళ్ల పిల్లకు పేరు పెట్టి మందిస్తారు. మన పిల్లకు దయ్యం పట్టిందంటారు, గొడ్రాలంటారు, లేదా సంచి తీసేస్తారు.

గుర్తుపట్టడం ఎట్లా? 2003 నుంచి డాక్టర్లు మూడు గుర్తులు చూస్తున్నారు: ముట్టు క్రమం తప్పడం, మగ హార్మోన్ ఎక్కువవడం, స్కానింగ్‌లో తిత్తులు. ఈ మూడింట్లో రెండుండాలి. ఒక్క స్కానింగ్ చూసి తేల్చకూడదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ తేడాల వల్ల కూడా ముట్టు తప్పుతుంది కాబట్టి ఆ రక్తపరీక్షలూ చేయించాలి. పెళ్లయినవాళ్లకు ముందు కడుపేమో చూడాలి. పెద్దమనిషయిన కొత్తలో ఆడపిల్లలకు ముట్టు అటూ ఇటూ కావడం సహజం. పెద్దమనిషయిన ఎనిమిదేళ్లలోపు స్కానింగ్ పెట్టి ఈ జబ్బని చెప్పొద్దని డాక్టర్ల నియమం. కానీ పదిహేనేళ్లు నిండినా పెద్దమనిషి కాకపోయినా, మూణ్ణెల్లు దాటి ముట్టు రాకపోయినా చూపించాలి.

మందుతో ఇది పూర్తిగా పోతుందా? పోదు. కానీ అదుపులో పెట్టుకుని బతకొచ్చు. ముట్టు నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ఏళ్ల తరబడి అట్లా వదిలేస్తే ఆ పొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే కనీసం మూణ్ణెల్లకోసారైనా ముట్టు వచ్చేట్టు డాక్టర్లు హార్మోన్ మాత్రలిస్తారు. ఆ ముప్పుకు మందు మాత్ర, కత్తి కాదు. మందుల షాపులో అడిగి మాత్రలు మింగొద్దు. బి.పి. ఉన్నా, చుట్టా బీడీ తాగే అలవాటున్నా డాక్టరుకు ముందే చెప్పాలి, కొన్ని మాత్రలు వాళ్లకు పడవు. షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ కొందరికి పనిచేస్తుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది, అన్నం తిన్నాక వేసుకోవాలి. ఈ సమస్య ఉన్నవాళ్లకు షుగరు, బి.పి. త్వరగా వచ్చే వీలుంది కాబట్టి అవి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

పిల్లలు పుట్టరా? చాలామందికి పుడతారు. గుడ్డు విడుదల కావడానికి లెట్రోజోల్ లాంటి మాత్రలున్నాయి. మగాడికి పరీక్ష చేయకుండా ఆడదాన్ని గొడ్రాలనడం అన్యాయం. అన్నలారా, వీర్యపరీక్షకు వెళ్లడం మగతనానికి తక్కువేం కాదు. పిల్లలు వద్దనుకునేవాళ్లు ముట్టు రావట్లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. గుడ్డు ఎప్పుడు విడుదలవుతుందో తెలియదు.

తిండి సంగతి. మూడు పూటలా తెల్లన్నం, పచ్చడి, నాలుగు టీలు, ఇదీ మన రోజు. అది మన తప్పు కాదు, మన చేతికి అందింది అదే. అయినా చేతిలో ఉన్నంతలో మార్చుకుందాం. అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచుదాం. ఒక పూట జొన్నరొట్టో సంకటో తిందాం. టీలో చక్కెర తగ్గిద్దాం. మాంసం, చేపలు, పెద్దకూర మన తాతముత్తాతల బలమైన తిండి. సిగ్గుపడాల్సిన పనిలేదు. లావుగా ఉన్నవాళ్లు నూటికి ఐదు, పది వంతుల బరువు తగ్గినా ముట్టు గాడిన పడే వీలుంది. పని రోజుల్లో వంగి వంగి నడుం విరుగుతుంది, పని లేని నెలల్లో కూర్చోవడమే. ఆ నెలల్లో గుంపుగా రోజుకో అరగంట గబగబా నడుద్దాం. దిగులు, నిద్రపట్టకపోవడం కూడా దీంతో వస్తాయి. అది పిచ్చి కాదు. చెప్పుకునే మనిషి కావాలి.

ఇక సంచి సంగతి. అండాశయంలో ఉన్న సమస్యకు గర్భసంచి తీస్తే ముట్టు ఆగుతుంది గానీ వెంట్రుకలు పోవు, షుగరు ముప్పు పోదు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది, ఒంట్లో ఆవిర్లు పుడతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ల సంచులే ఇన్ని ఎందుకు చెడిపోయాయి? బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇట్లాంటి ఆపరేషన్ల మీద వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూణ్ణెల్లలో అమలుకు తేవాలంది. ఆ కాగితం మన మండలం దాకా వచ్చిందా అని అడిగే హక్కు మనకుంది.

అవసరమైన ఆపరేషన్లూ ఉంటాయి. వద్దని ఒట్టు పెట్టమనడం లేదు. మూడు ప్రశ్నలు అడగమంటున్నాం. జబ్బు పేరేంటి? మందుతో తగ్గదా? తీస్తే తర్వాత ఏమవుతుంది? రెండో డాక్టరు మాట వినకుండా వేలిముద్ర వెయ్యొద్దు. రిపోర్టులు, స్కానింగ్ కాగితాలు మన దగ్గరే ఉంచుకోవాలి, అవి మనవి.

ఊరు మనల్ని అంటరానివాళ్లని వెలిలో పెట్టింది. ముట్టయితే మనమే మన పిల్లల్ని గుమ్మం బయట కూర్చోబెడుతున్నాం. ముట్టొస్తే మైల, రాకపోతే గొడ్రాలు! ఈ రెండు మాటలూ ఇవాళ్టితో మన వాడల్లో బంద్ కావాలి.

వాడకు ఇద్దరు కార్యకర్తలు ఉండాలి. ముట్టు తారీఖు గోడ కేలెండర్ మీద గుర్తుపెట్టుకోవడం పిల్లలకు నేర్పాలి. ఆస్పత్రికి ఎవరినీ ఒంటరిగా పంపొద్దు, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకోవాలి. ఆడ డాక్టరు, థైరాయిడ్ పరీక్ష, మందులు మన ప్రాంత ప్రభుత్వ ఆస్పత్రిలోనే కావాలని అర్జీ రాశాం. సంతకాలు, వేలిముద్రలు ఇక్కడే వేసి వెళ్లండి.

ఆ మిరప చేలో అక్క ఈ సభలోనే ఉంది. ఆపరేషన్ చేయించుకోలేదు. ఆసామి అప్పూ తీసుకోలేదు. మందులు వాడుతోంది. ముట్టు నెలన్నరకోసారి వస్తోంది. రెండో కాన్పు ఇంకా రాలేదు. వెంట్రుకలు కొన్ని ఉన్నాయి. ఇవాళ మాత్రం చున్నీ గడ్డం మీద లేదు, భుజం మీదుంది. పేరు చెప్పం. పక్కన కూర్చున్న మనిషి ఆమే కావచ్చు, ఆమెకున్నదే మీకూ ఉండొచ్చు. సభ అయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడుకోండి.

జై భీమ్!