యాప్ లేని ఇంటికీ వార్త చేరాలి

2016లో ఫేస్‌బుక్ సంస్థ, చేతిఫోను బ్రౌజరులోనే సందేశాలు చదువుకొంటున్నవారిని మెసెంజర్ యాప్ వేసుకొమ్మని నిర్బంధించింది. అవే సందేశాలు కంప్యూటరులో మాత్రం యథాప్రకారం తెరుచుకొన్నాయి. సాంకేతికమైన అడ్డంకి ఏదీ లేదన్నమాట.

కారణం సుబోధమే. బ్రౌజరులోని పుటను చదివి మూసివేయవచ్చు. యాప్ ఫోనులోనే కాపురముంటుంది. అనుమతి దొరికితే పరిచయస్థుల నంబర్లు, మనిషి ఉన్నచోటు తెలుసుకొంటుంది. వేళాపాళా లేక నోటిఫికేషన్లతో పిలుస్తుంది. ప్రకటనలే జీవనాధారమైన సంస్థకు ఇంతకన్న కావలసినదేమి?

ఊరు విడిచి వచ్చి కట్టడపు పనులు చేసుకొనే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. 16 జీబీ ఫోను పిల్లల ఫొటోలతోనే నిండిపోతుంది. నీటి సరఫరా వేళలు, టీకా శిబిరం తేదీ సామాజిక మాధ్యమంలో మాత్రమే ప్రకటిస్తే, యాప్‌కు చోటులేని ఇంటికి ఆ వార్త చేరకపోవచ్చు. ప్రజల డబ్బుతో వెలువడే ప్రకటనకు ప్రైవేటు సంస్థ కాపలా ఉండడం వింతే. కనుక ప్రతి ప్రకటననూ వార్డు కార్యాలయపు గోడమీద, నగరపాలక సంస్థ సొంత వెబ్‌సైటులో కూడా ఉంచమని పౌరులు లిఖితపూర్వకంగా కోరవచ్చు. ఈలోగా, క్రోమ్ మెనూలో ‘డెస్క్‌టాప్ సైట్’ ఎంచుకొంటే కొన్ని పుటలు యాప్ లేకుండానే తెరుచుకొంటాయి, అన్నీ కాదు.