పొంగుడు రొట్టె, వెల్లుల్లి, మన యింటి కుంపటి



నెల్లూరు పట్టణమున స్వర్ణాల చెఱువుగట్టున, బారా షహీదు దర్గా చెంత, ఏటేట మొహర్రము దినములలో రొట్టెల పండుగ జరుగుట మీ రందఱు నెఱిగినదే. కోరిక తీఱినవారు తమ రొట్టెను దెచ్చి, అదే కోరిక మనసున గలవారికి చెఱువునీటిలో నిలిచి యిత్తురు. చదువు రొట్టె, ఆరోగ్యపు రొట్టె, పెండ్లి రొట్టె యని వానికి బేర్లు. ఇచ్చువా డే మతమువాడో, పుచ్చుకొనువా డే కులమువాడో యచ్చట నెవ్వరు నడుగరు. మొలగొలుకుల యన్నము దిని పెరిగిన సీమలో రొట్టె యింతటి గౌరవమున కెక్కినది.

నేడు నేను చెప్పబూనినది ఆ పలుచని రొట్టెను గూర్చి కాదు. పిల్లలు బన్ను లని యంగళ్లలో గొని తెచ్చుకొను పొంగుడు రొట్టెలను గూర్చి. వానిలో వెల్లుల్లియు, పచ్చి యాకులును జేర్చి మన యిండ్లలోనే కాల్చుకొనవచ్చు నని నా మనవి. ఈ మాటకు పెద్దలలో గొందఱు రెండాక్షేపణలు చెప్పుదురు. పొంగుడు రొట్టె పరదేశపు దని యొకటి. వెల్లుల్లి నిషిద్ధ మని రెండవది.

మొదటిదానికి సమాధానము సులభము. రొట్టె యోడలమీద వచ్చిన మాట నిజమే. పోర్చుగీసువా రిచ్చిన పావు అను పేరు పడమటి తీరమున నేటికిని నిలిచియున్నది. పరంగులు రొట్టెముక్కను బావిలో వేసి, ఆ నీరు త్రాగినవా రందఱు మతము చెడినా రని యూరిని గలుపుకొని రను కథయు నచ్చటిదే. ఇంగ్లీషు వర్తకులు మన దుగరాజపట్టణమున 1626లో కోఠీ పెట్టిరి. అట్టివారి వెంట వచ్చిన తిండి గనుక మనవారు దూరముగా నుంచిరి. కాని పిండిని పులియబెట్టుట మన కెవ్వరు నేర్పినారు? దోసెపిండి రాత్రివేళ గిన్నె దాటి పొంగుట చూడని యిల్లాలు లేదు. దిబ్బరొట్టె మాట తలచుకొనుడు. మందపు పాత్రలో పిండి పోసి, క్రింద కుంపటియు, మూతమీద నిప్పులును బెట్టి మన ముత్తవ్వలు కాల్చినది పొయ్యి గాక మఱేమి?

పులుపునకు సంస్కృతమున కిణ్వ మని పేరు. కౌటిల్యుని యర్థశాస్త్రమున సురాధ్యక్షప్రకరణమున నీ మాట యున్నది. కిణ్వమునుండి మదశక్తి పుట్టినట్లు భూతములనుండి చైతన్యము పుట్టు నని చార్వాకులు దృష్టాంతము చెప్పిరి. వారి మతము మన కక్కరలేదు గాని, దృష్టాంత మొకవిధముగా దలక్రిందైనది. కిణ్వమే ప్రాణము గల వస్తు వని ఫ్రాన్సు దేశమున పాశ్చరు పందొమ్మిదవ శతాబ్దిలో ఋజువు చేసినాడు. నేడు ఈస్టు పేర నంగడిలో నమ్మునది ఆ జీవియే. అది పిండిలోని చక్కెరను దిని వాయువును విడుచును. గోధుమలో నీరు తగిలినంతనే సాగెడి జిగురొకటి పుట్టి యా వాయువును బంధించును. బియ్యమున కా జిగురు లేదు. దోసెకు మినుములు చేర్చుట కిదియొక కారణము.

తాటికల్లు నురుగులోను ఈ జీవియే యున్నది. గోవాలోని రొట్టెలవారు పూర్వము కల్లుతోనే పిండిని బొంగించెడివారు. మన తీరమున తాళ్లకు గొదువ లేకున్నను నేను దానిని జెప్పను. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై బోరిన జిల్లా యిది. కల్లుముంతను వంటింటికి దెమ్మని ముసలి పంతులు చెప్పుట బాగుండదు.

ఇక వెల్లుల్లి. ధర్మశాస్త్రములు ద్విజులకు దానిని నిషేధించిన మాట యథార్థము. కాని వైద్యశాస్త్ర మేమన్నదో వినుడు. ఆఱు రుచులలో పులుపొక్కటి దక్క తక్కిన యైదును గలది కావున రసోన మనిరి. ఒక రసముచే నూన మని యర్థము. అష్టాంగహృదయమున రసాయనాధ్యాయములో వాగ్భటుడు దీని జన్మకథ చెప్పినాడు. రాహువు కంఠము తెగినపుడు నేల రాలిన యమృతబిందువులనుండి పుట్టినదట. దైత్యుని దేహము సోకినది కావున ద్విజులు తినరు. అమృతమునుండియే పుట్టినది కావున రసాయనములలో మేటి. ఒక్క కథలోనే నిషేధమును ప్రశంసయు నెట్లిమిడినవో చూడుడు.

ఇంతకంటె చిత్ర మొకటి గలదు. 1890లో మధ్యాసియాయందలి కూచా ప్రాంతమున బవరను నింగ్లీషు సైనికోద్యోగికి భూర్జపత్రములపై గుప్తలిపిలో వ్రాసిన సంస్కృతగ్రంథ మొకటి దొరకినది. దాని వైద్యభాగము వెల్లుల్లి మహిమతోనే యారంభ మగును. బ్రాహ్మణుడు దీని గుణమును బొందుట కందొక యుపాయము చెప్పబడినది. ఆవునకు మూడు రాత్రులు మేత మిక్కిలి తగ్గించి, పిమ్మట రెండు పాళ్లు గడ్డియు నొక పాలు వెల్లుల్లికాడలును బెట్టవలెను. ఆ యావు పాలు, పెరుగు, నెయ్యి తిన్న దోషము లేదట! పాపము, ఆ యావు.

నియమము గలవారు మానుదురు గాక. నేను వారిని దినుమనను. కాని మానినవారు తినువారిని దిగువగా జూచుటకు శాస్త్రము నడ్డము పెట్టుట న్యాయము గాదు. ఒకే యింట నత్తగారు మానినదియు, మనుమడు కోరినదియు నొకే నిప్పుమీద గాలవచ్చును. నాలుగు రొట్టెలు వాముతో వేఱుగా జేసి ముందు గాల్చిన సరి.

అంగడి రొట్టె యుండగా నింత శ్రమ యేల యందురేమో. 2016లో ఢిల్లీయందలి విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు ఆ నగరపు రొట్టెలు, బన్నుల వంటివాని 38 నమూనాలు పరీక్షింపగా, 84 శాతమునందు పొటాషియము బ్రోమేటుగాని అయొడేటుగాని కనబడెను. పిండిని దెల్లగా, గుల్లగా జేయుటకు వానిని గలుపుదురు. బ్రోమేటు పుట్టకురుపు గలిగింపవచ్చు నని శంక. ఆ యేడే ప్రభుత్వము దానిని నిషేధించినది. అంగళ్లవా రందఱు చెడ్డవారని నే ననను. ఇంట జేసినదానిలో నేమున్నదో మన మెఱుగుదుము.

కొలతలు వ్రాసికొనుడు. గోధుమపిండి పావుకిలో, మైదా పావుకిలో. ఉప్పు చెంచాన్నర, చక్కెర చెంచా, నెయ్యి రెండు పెద్ద చెంచాలు. ఎండు ఈస్టు చలికాలమున చిన్న చెంచా. మన యెండకాలమున అరచెంచా చాలును, నీరును గూజాలోని చల్లనిదే కావలెను. నీరు సుమారు 320 మిల్లీలీటర్లు. ఇసకపల్లి ఉప్పుకొటారుల వంటి చోట్ల బావినీరే యుప్పన. అట్టి నీటితో ఈస్టు మందగించును. మంచినీరు వాడుడు.

పండ్రెండు వెల్లుల్లిరేకలు నలుగగొట్టి, మఱి మూడు చెంచాల నేతిలో సన్నసెగను పచ్చివాసన పోవువఱకు వేపుడు, ఎఱ్ఱబాఱనీయకుడు. పచ్చిదే కలుపుదు మనకుడు. వెల్లుల్లి నలిగినపుడు పుట్టు ఘాటు క్రిములను జంపు నని వైద్యులు మెచ్చుకొన్న గుణమే ఈస్టునకును శత్రువు, పిండి పొంగదు. ఆకులకు దొరల యాకులు వెదకబనిలేదు. కొత్తిమీర, కఱివేపాకు, పెరటిలోని వామాకు సన్నగా దఱిగి, తడి లేకుండ నార్చి కలుపుడు. వేపిన వెల్లుల్లి చల్లాఱిన పిదప సగము పిండిలోనికి, సగము పైపూతకు.

పిండి పది పండ్రెండు నిమిషములు పిసుకవలెను. ఈ పని కోడండ్ర కప్పగింపకుడు. పెద్దలకు తీఱిక గలదు, చేతులకును వ్యాయామము. ముద్ద నునుపై, సాగదీసిన తెగక పలుచని పొరయైనచో జాలును. తడిగుడ్డ కప్పి రెట్టింపగువఱకు నుంచుడు. వేసవిలో గంట, మార్గశిరమున రెండు గంటలు. పిదప పండ్రెండుండలు చేసి, నెయ్యి వ్రాసిన పళ్లెమున నెడమెడముగా బెట్టి మఱల నరగంట పొంగనిండు. వ్రేలితో నొక్కిన గుంట మెల్లమెల్లగా నిండినచో సిద్ధమైన గుర్తు.

మందపు ఇనుపపాత్రలో నంగుళము మందము పెన్న యిసుక పోయుడు. సముద్రపుటిసుక యుప్పు వలన నినుమునకు త్రుప్పు పట్టును. ఇసుకపై ముక్కాలి నిలిపి, మూత పెట్టి పావుగంట కాచి, అప్పుడు పళ్లెము నుంచుడు. మూతమీద నిప్పులు మఱువరాదు. పైసెగ లేనిచో రొట్టె యుడికిన కుడుమువలె దెల్లగా నుండును. ఇరువదియైదు, ముప్పది నిమిషములలో రంగు దిరుగును. ఒకదానిని దలక్రిందు చేసి తట్టిన డొల్లుగా మ్రోగవలెను. వేడిమీదనే మిగిలిన వెల్లుల్లి నేయి పూయుడు.

మన తేమగాలిలో నివి రెండు దినములకంటె నిలువవు; మూడవనాటికి బూజు పట్టును. మిగిలినవానిని రెండుగా గోసి పెనముపై నెఱ్ఱగా గాల్చుకొనుడు. పండ్లు లేనివారికి జారులో నాననిచ్చిన మెత్తబడును.