ముందు సబ్బు, తర్వాతే బిడ్డ



పొదుపు, బ్యాంకు లెక్కలు విన్నాం. ఇప్పుడు పసిబిడ్డల మాట.

నెలలు నిండకుండా, బరువు తక్కువతో పుట్టిన బిడ్డను విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో ఎస్‌ఎన్‌సీయూలో పెడతారు. "నాన్నమ్మని లోపలికి రానివ్వరేంటి?" అని మనం కోప్పడతాం. ఆ బిడ్డకి చర్మం పల్చన, రోగాన్ని తట్టుకునే శక్తి తక్కువ. సూది, గొట్టం పెట్టినచోట నుంచి క్లెబ్సియెల్లా లాంటి బాక్టీరియా రక్తంలోకి పోతాయి. వాటిలో కొన్ని చాలా యాంటీబయాటిక్ మందులకు లొంగడం లేదు. అందుకే సోకకముందే ఆపాలి.

గాజులు, ఉంగరాలు తీసి మోచేతుల దాకా సబ్బుతో కడగాలి. "చేతులు కడిగారా?" అని ఎవరినైనా అడగడం తప్పు కాదు. ముర్రుపాలు పారబోయొద్దు, పిండి ఇద్దాం. డాక్టరు చెప్పినప్పుడు తల్లి బిడ్డను గుండెకు ఆనించుకోవాలి.

ఇంటికొచ్చాక బొడ్డుకి పసుపు, నూనె, బూడిద వద్దు. పొడిగా ఉంచితే చాలు. ఆశా అక్క 42వ రోజు దాకా వచ్చి చూస్తుంది. బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, డొక్కలెగరేస్తున్నా తాయెత్తు కట్టి తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

పురిటింటికి వెళితే ముందు సబ్బు అడుగుదాం. జలుబు, జ్వరం ఉంటే గుమ్మంలోంచే దీవిద్దాం. ప్రతి సంఘంలో ఈ మాట చెబుదాం.