నర్సింగ్ పరిశోధనలో పరిశీలకుల బాధ్యత
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కౌండిన్యా నది తెలుగు సీమలోని కొండలనుండి తమిళ సీమలోనికి దిగివచ్చు చోట మోర్ధానా ఆనకట్ట ఉన్నది. అక్కడ నిలిచిన నీరు కాలువల గుండా గుడియాత్తం పరిసరములలోని చెరువులకు, పొలములకు చేరుచున్నది. దిగువన కడవ ముంచుకొను ఇల్లాలికి ఎగువన నీటిలో ఏమి కలిసినదో తెలియదు. ఆసుపత్రిలో రోగి ప్రక్కన నిలుచున్న నర్సు స్థితియు అట్టిదే. పుండు ఎట్లు కడుగవలెను, పసిబిడ్డకు ఏ పాలు పట్టవలెను, మంచము పట్టిన వృద్ధుని ఎన్ని గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను అను విషయములను ఆమె పుస్తకమునుండి నేర్చుకొన్నది. ఆ పుస్తకము పరిశోధన వ్యాసములనుండి పుట్టినది. ఆ వ్యాసము కల్మషమైనదైతే దాని ఫలితమును అనుభవించువాడు రోగి.

ఈ విషయము ఈ ప్రాంతమునకు దూరమైనది కాదు. వేలూరులో ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచముతో ప్రారంభించిన వైద్యశాలయే నేటి క్రైస్తవ వైద్య కళాశాలకు మూలము. అక్కడ 1909లో నర్సుల శిక్షణ, 1946లో నర్సింగ్ పట్టపు చదువు ఆరంభమైనవి. భారతదేశమున నర్సింగ్‌లో డిగ్రీ విద్య మొదలైన తొలి స్థానములలో అది ఒకటి. ఈ సరిహద్దు గ్రామములలో తెలుగు మాధ్యమమున చదివిన బాలికలు పలువురు నర్సులైనారు, కొందరు బోధకులైనారు. బోధకులైనవారిని పత్రికా సంపాదకులు, ఒక వ్యాసము వచ్చినది, ప్రచురణకు తగునో కాదో చూచి చెప్పుడని కోరుదురు. దీనినే పియర్ రివ్యూ, అనగా తోటి నిపుణుల పరిశీలన అందురు. ఈ పనికి సాధారణముగా జీతము లేదు, పేరును బయటికి రాదు. అయినను ఆనకట్ట తలుపు వంటి పని అది.

పరిశోధనలో దోషములు రెండు విధములు. లేని అంకెలను కల్పించుట, ఉన్నవానిని మార్చుట, పరుల రాతను దొంగిలించుట స్పష్టమైన మోసములు. రెండవ విధము వీనికంటె సూక్ష్మమైనది. ఇరువది విషయములను కొలిచి, అనుకూలముగా వచ్చిన ఒక్కదానినే వ్రాయుట. ఫలితము చూచిన పిమ్మట ఊహను అల్లి, దానిని ముందే అనుకొన్నట్లు చెప్పుట. ఒకే పరిశోధనను ముక్కలు చేసి నాలుగు వ్యాసములుగా పంపుట. పని చేయని పెద్దల పేర్లను రచయితలుగా చేర్చుట ఇట్టివి. వీనిని చేయువారు తాము తప్పు చేయుచున్నామని అనుకొనకపోవచ్చును. అందుచేతనే ఇవి హెచ్చుగా వ్యాపించును.

వీనిని పసిగట్టుటకు గొప్ప గణితము అక్కరలేదు. ఉపాధ్యాయిని లెక్కల నోటుపుస్తకమును దిద్దునప్పుడు జవాబు మాత్రమే చూడదు. చేసిన విధము చూచును. పరిశీలకులు చేయవలసినదియు అదియే. ఉదాహరణకు, 30 మంది రోగులలో 45 శాతము మందికి ఉపశమనము కలిగినదని ఒక వ్యాసములో ఉన్నదనుకొందము. 13 మంది అయిన 43.3 శాతము, 14 మంది అయిన 46.7 శాతము, 45 శాతము అగుటకు పదమూడున్నర మంది కావలెను. అట్లే 25 మందిని, నొప్పికి సున్న నుండి పదివరకు ఒక పూర్ణాంకము చెప్పుడని అడిగినారు. వారి సగటు 4.36 కావచ్చును, 4.40 కావచ్చును, 4.37 ఎన్నటికిని కాదు. ఈ పరీక్షను నిక్ బ్రౌన్, జేమ్స్ హెదర్స్ అనువారు 2016లో గ్రిమ్ అను పేరుతో వెల్లడించినారు. ఎనిమిదవ తరగతి విద్యార్థియు దీనిని చేయగలడు.

రెండవది కాలపు లెక్క. ఒక్క పరిశోధకురాలు 50 పనిదినములలో 200 మందిని మూడేసి మారులు, మారునకు గంట చొప్పున కలిసికొన్నదని వ్రాసిన, మొత్తము 600 గంటలు. దినమునకు 12 గంటలు. దారి ప్రయాణము, భోజనము, నిద్ర ఎప్పుడు? ఆరు మాసముల పరిశీలనలో ఒక్కరును మధ్యలో మానుకొనలేదన్నను సందేహింపవలెను. ఈ ప్రాంతమున కాన్పునకు పుట్టింటికి పోవు కోడలు ఉండును, కూలికై బెంగళూరు పోవు కుటుంబము ఉండును. నిజమైన పరిశోధనలో ఖాళీలు ఉండును. ఖాళీలు లేని పట్టికయే అనుమానమునకు తావిచ్చును.

మూడవది సంభావ్యత. చికిత్సవలన ఏ ప్రయోజనమును లేకున్నను, ఒకదానితో ఒకటి సంబంధము లేని ఇరువది విషయములను నూటికి అయిదు అను హద్దుతో పరీక్షించినయెడల, కనీసము ఒకటైనను విజయమువలె కనిపించు అవకాశము నూటికి సుమారు 64. కనుక ఎన్ని కొలిచినారు, ఎన్ని చెప్పినారు అను ప్రశ్న తప్పనిసరి. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో ఏర్పడినది. 2018 ఏప్రిల్ 1 నుండి మొదటి రోగిని చేర్చుకొనుటకు ముందే అందులో నమోదు చేయవలెనను నియమము వచ్చినది. నమోదులోని ముఖ్య ప్రశ్నను, వ్యాసములోని ముఖ్య ఫలితమును ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో మారినదేదో తెలియును. నైతిక సంఘపు అనుమతి తేదీ రోగులను చేర్చుకొన్న తేదీకి తరువాత ఉన్నదేమో కూడ చూడవలెను.

నాలుగవది, చెప్పిన దానికి మించిన ముగింపు. పాఠము చెప్పకముందు ఒక ప్రశ్నపత్రము, చెప్పిన మరునాడు అదే ప్రశ్నపత్రము ఇచ్చిన మార్కులు పెరుగును. ఏ బడిలోనైనను పెరుగును. పోల్చుటకు మరియొక గుంపు లేనప్పుడు ఆ పెరుగుదలను పట్టుకొని, ఈ బోధనవలన వార్డులో అంటురోగములు తగ్గునని వ్రాయుట న్యాయము కాదు. ఇది మోసము కాకపోవచ్చును గాని, సవరింపక విడువరాదు.

ఈ లక్షణములన్నిటికిని ఒక నిజమైన చరిత్ర సాక్ష్యముగా ఉన్నది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయమున భారతదేశమునుండి వెళ్లిన వైద్యుడు రంజిత్ కుమార్ చంద్రా పోషకాహార శాస్త్రమున ప్రఖ్యాతి గాంచినారు. 1980 దశకపు చివర, శిశువుల పాలపొడి అలర్జీని నివారించునా అను పరిశోధనకై నవజాత శిశువులను చేర్చుకొను పనికి మెరిలిన్ హార్వే అను నర్సును నియమించినారు. తగిన కుటుంబములు దొరకక ఆమె ఇంకను వెదకుచుండగనే ఫలితములతో కూడిన వ్యాసము అచ్చయినది. అంతమంది శిశువులు ఎక్కడివారని ఆమె ప్రశ్నించినది. విశ్వవిద్యాలయమునకు ఫిర్యాదు చేసినది. విచారణ జరిగినది గాని, దాని ఫలితము చాలకాలము లోకమునకు తెలియలేదు. ఆయన పనిలోనే కొనసాగినారు.

2000వ సంవత్సరమున ఆయన, విటమినులవలన వృద్ధుల జ్ఞాపకశక్తి పెరుగునని చెప్పు వ్యాసమును బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు పంపినారు. అంతటి పనికి రచయిత ఒక్కరే. ఫలితములు నమ్మశక్యము కానంత గొప్పవి. పరిశీలకులు సందేహించినారు. సంపాదకులు ప్రచురింపక, విచారింపుడని విశ్వవిద్యాలయమును కోరినారు. అయినను అదే వ్యాసము 2001లో న్యూట్రిషన్ అను మరియొక పత్రికలో వెలువడినది. ఆ పత్రిక దానిని ఉపసంహరించుకొన్నది 2005లో. 2006లో కెనడా ప్రసార సంస్థ ఆ నర్సు కథను బయటపెట్టినది. దానిపై చంద్రా వేసిన పరువునష్టపు దావా 2015లో వీగిపోయినది. 1989లో వచ్చిన శిశు ఆహార వ్యాసమును బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2015లోను, 1992లో వచ్చిన మరియొక వ్యాసమును లాన్సెట్ 2016లోను ఉపసంహరించుకొన్నవి.

1989 నుండి 2015 వరకు ఇరువది ఆరు సంవత్సరములు. ఆనాటి శిశువులు ఆ నాటికి బిడ్డల తల్లులైనారు. ఇందులో గ్రహింపవలసినది ఒక్కటి. నిజమును మొదట చూచినది శిశువులను లెక్కించుచున్న నర్సు. ఆమె అడిగిన ప్రశ్న మూడవ తరగతి కూడికవంటిది. ప్రశ్న చిన్నదగుటచేత దానిని చిన్నదిగా చూచినారు. ఒక ద్వారమున పరిశీలకులు ఆపినను, మరియొక ద్వారము తెరచి ఉన్నది.

కనుక పరిశీలకుల నడవడి ఎట్లుండవలెను? సందేహము కలిగినంతనే దొంగయని ముద్ర వేయరాదు. అచ్చు తప్పు కావచ్చును, అనుభవలేమి కావచ్చును. రచయితకు వ్రాయునప్పుడు, ఈ పట్టికలోని అంకెలు సరిపోవుటలేదు, మూలపత్రములు చూపుడని మర్యాదగా అడుగవలెను. గట్టి అనుమానమును సంపాదకునికి రహస్యముగా, పుటసంఖ్యతో, లెక్కతోసహా తెలుపవలెను. తామే పరిశోధకుని పై అధికారులకు లేఖలు వ్రాయరాదు. విచారణ సంపాదకుని ద్వారా సాగవలెను. ఇందుకు మార్గము చూపుటకే 1997లో కోప్ అను ప్రచురణ నీతి సంఘము ఏర్పడినది.

పరిశీలకులకును నీతి కలదు. స్నేహితుని వ్యాసమైనను, పోటీదారుని వ్యాసమైనను ముందుగానే చెప్పి తప్పుకొనవలెను. చేతికి వచ్చిన వ్రాతప్రతిలోని ఆలోచనను తనదిగా చేసికొనరాదు. దానిని ఇతరులకు చూపరాదు, అనుమతి లేక కంప్యూటరు కృత్రిమ మేధకు అప్పగింపరాదు. తన వ్యాసములను ఉదహరించిననే అంగీకరింతునని బేరము పెట్టరాదు. గణాంకములు తెలియనప్పుడు తెలియదని సంపాదకునికి చెప్పుటయు నిజాయితీయే.

కడపట, ఈ సభలోని చిన్నారులకు ఒక మాట. అమెరికాలో రోగిని తాకకుండ చేతులు పైన ఆడించి, అతని శక్తిని సవరింపగలమని కొందరు నర్సులు నమ్మిరి, కళాశాలలలో నేర్పిరి. ఎమిలీ రోసా అను తొమ్మిదేండ్ల బాలిక తన పాఠశాల విజ్ఞాన ప్రదర్శనకై ఆ పద్ధతిని ఆచరించువారిని పరీక్షించినది. అట్టలోని రంధ్రముల గుండా చేతులు చాపించి, తన చేయి వారి ఏ చేతికి దగ్గరగా ఉన్నదో చెప్పుడని అడిగినది. 21 మంది కలిసి 280 మారులు ప్రయత్నింపగా 123 మాత్రమే సరియైనవి. అనగా నూటికి 44. కన్ను మూసికొని ఊహించినను సగము సరిపోవలసినది. ఆ బాలిక తల్లియు నర్సే. ఆ ఫలితము 1998లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో అచ్చయినది.

గొప్ప పట్టములు గల పెద్దలు అడుగని ప్రశ్నను ఒక బాలిక అడిగినది. ఎట్లు తెలిసినది, లెక్క చూపుడు అని వినయముతో, భయము లేక అడుగుట పాఠశాలలోనే అలవడవలసిన గుణము. ఈ పాఠశాల 75 సంవత్సరములుగా పలకమీద నేర్పుచు వచ్చినది ఆ గుణమునే. ఇచ్చట చదివిన బిడ్డలు రేపు ఏ వార్డులో నిలిచినను, ఏ పత్రికకు పరిశీలకులైనను ఆ ప్రశ్నను మరువకుందురు గాక.